మిగతా గ్రహాల మీద మీ వయసెంత? కాగితం, పెన్నుతో లెక్కగట్టే పద్ధతి

మా మేనకోడలు 2015 జూలై 20న, గోదావరి పుష్కరాలు జరుగుతుండగా, రాజమండ్రిలో పుట్టింది. 2026 జనవరి 1 పొద్దున వాకిట్లో ముగ్గు పెట్టి లోపలికి రాగానే నా పక్కన కూర్చుని, "అత్తా, బుధుడి మీద ఏడాదికి 88 రోజులేనట. అయితే అక్కడ నాకెన్నేళ్లు?" అని అడిగింది. అయిపోయిన క్యాలెండరు నుంచి డిసెంబర్ కాగితం చింపి, వెనకవైపు ఇద్దరం లెక్క మొదలుపెట్టాం. అరగంటలో అయిపోతుందనుకున్నది మధ్యాహ్నం భోజనాల దాకా సాగింది. ఇంట్లో ఒక్కొక్కరే వచ్చి "నాది కూడా చూడండి" అంటుంటే ఎలా ఆపుతాం?

ఆ రోజు మేం చేసిన పద్ధతే ఇక్కడ వరసగా రాస్తున్నాను. కూడిక, భాగహారం వస్తే చాలు. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ ఉంటే ఇంకా తేలిక. ప్రతిచోటా మా పిల్ల అంకెలు ఇస్తాను, మీరు మీ అంకెలు వేసుకుంటూ రండి.

లెక్కకు ముందు: వయసంటే ఎన్ని చుట్లు?

నాకు పదేళ్లు అంటే, నేను పుట్టాక భూమి సూర్యుడి చుట్టూ పదిసార్లు తిరిగింది అని అర్థం. అంతకు మించి అందులో ఏమీ లేదు. బుధుడు ఒక చుట్టు 88 రోజుల్లో పూర్తిచేస్తాడు, నెప్ట్యూన్‌కి దాదాపు 165 ఏళ్లు పడుతుంది. మీరు బతికిన కాలంలో ఆ గ్రహం ఎన్ని చుట్లు తిరిగిందో అదే అక్కడ మీ వయసు.

ఈ మాట పిల్లలకు ముందే చెప్పాలి. లేకపోతే "బుధుడి మీద 43 ఏళ్లయితే నేను పెద్దదాన్ని అయిపోతానా?" అనే అనుమానం వస్తుంది. మా పిల్లకూ వచ్చింది. బతికిన రోజులు ఎక్కడైనా అవే, ఒంట్లో మార్పేమీ ఉండదు, కొలిచే కర్ర మాత్రమే మారుతుంది. ఒకే చీరను గజాల్లో కొలిస్తే ఒక అంకె, మీటర్లలో కొలిస్తే ఇంకో అంకె వచ్చినట్టు.

మొదటి అడుగు: బతికిన రోజులు లెక్కపెట్టడం

మొత్తం పనిలో జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. ఇది సరిగ్గా వస్తే మిగతాదంతా ఒక్క భాగహారం.

ముందు, పోయిన పుట్టినరోజు దాకా నిండిన ఏళ్లు తీసుకోండి. మా పిల్లకు 2025 జూలై 20కి 10 ఏళ్లు నిండాయి. 10ని 365తో గుణిస్తే 3650.

తర్వాత మధ్యలో ఎన్ని ఫిబ్రవరి 29లు వచ్చాయో చూడండి. 2016, 2020, 2024. మూడు. కలిపితే 3653.

ఇప్పుడు పోయిన పుట్టినరోజు నుంచి ఇవాళ్టిదాకా. జూలైలో మిగిలినవి 11, ఆగస్టు 31, సెప్టెంబర్ 30, అక్టోబర్ 31, నవంబర్ 30, డిసెంబర్ 31, జనవరిలో 1. మొత్తం 165. అంటే 3653 + 165 = 3818 రోజులు.

ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. మొదటిది, పుట్టిన రోజును కూడా ఒకటిగా లెక్కపెట్టడం. పుట్టిన రోజు సున్నా, మర్నాడు ఒకటి. రెండోది లీపు సంవత్సరాలు. పుట్టింది లీపు సంవత్సరంలోనే అయినా మార్చిలో పుడితే ఆ ఏటి ఫిబ్రవరి 29 మీకు రాదు, జనవరిలో పుడితే వస్తుంది. ఏడాదిని కాదు, ఆ తేదీని మీరు దాటారా లేదా అన్నది చూడండి. ఇంత ఓపిక లేకపోతే నిండిన ఏళ్లను 365.25తో గుణించండి, మహా అయితే ఒక్కరోజు అటూ ఇటూ అవుతుంది.

ఎక్సెల్ గానీ గూగుల్ షీట్స్ గానీ వాడేవాళ్లు ఒక గడిలో పుట్టిన తేదీ, ఇంకో గడిలో ఇవాళ్టి తేదీ రాసి, రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే రోజులు వచ్చేస్తాయి. ఒక్కోసారి 3818 రావాల్సిన చోట 1910 జూన్ నాటి తేదీ ఏదో కనిపిస్తుంది. కంగారు పడక్కర్లేదు, లెక్క సరైనదే. ఆ గడి ఫార్మాట్‌ని తేదీ నుంచి నంబర్‌కి మార్చండి. తేదీ కొట్టేటప్పుడు మాత్రం ముందు నెల అడుగుతోందా, రోజు అడుగుతోందా చూసుకోవాలి. 5/8 అని కొడితే ఆగస్టు 5 కాస్తా మే 8 అయిపోతుంది.

రెండో అడుగు: ఏ గ్రహానికి ఏడాది ఎంత

ఈ అంకెలు కాగితం మీద పైన రాసి పెట్టుకోండి. అన్నీ మన రోజుల్లోనే.

బుధుడు: 87.97
శుక్రుడు: 224.70
భూమి: 365.25
అంగారకుడు: 686.98
గురుడు: 4332.59
శని: 10759.2
యురేనస్: 30688.5 (దాదాపు 84 ఏళ్లు)
నెప్ట్యూన్: 60182 (దాదాపు 165 ఏళ్లు)

ప్లూటో కావాలని పిల్లలు పట్టుబడతారు. 248 ఏళ్లు వేసుకోండి. 1930లో దాన్ని కనిపెట్టిన దగ్గర్నుంచి ఇంకా ఒక్క చుట్టు కూడా పూర్తికాలేదు, 2178కి గానీ అవదు.

మూడో అడుగు: భాగించడం

బతికిన రోజులను గ్రహం ఏడాదితో భాగించాలి. గుణించకూడదు. గ్రహం ఎంత దూరమైతే వయసు అంత తగ్గాలి. నెప్ట్యూన్ మీద మీకు వందల ఏళ్లు వచ్చాయంటే ఎక్కడో తిరగేశారన్నమాట.

మా పిల్ల 3818 రోజులకు వచ్చినవి ఇవి: బుధుడి మీద 43.40, శుక్రుడి మీద 16.99, అంగారకుడి మీద 5.56, గురుడి మీద 0.88, శని మీద 0.35, యురేనస్ మీద 0.12, నెప్ట్యూన్ మీద 0.06.

శుక్రుడి దగ్గర 16.99 అని పడగానే తను పెన్ను పక్కన పెట్టి నావైపు చూసింది. పదిహేడుకి ఎన్ని రోజులుంది? 224.70ని 17తో గుణిస్తే 3819.9. మనం 3818 దగ్గర ఉన్నాం. రెండే రెండు రోజులు! జనవరి 3న శుక్రుడి లెక్కలో తనకు 17 నిండుతాయి. అలాంటి తేదీ దొరికితే ఇల్లంతా సందడే. ఆ శనివారం మా వదిన సేమియా పాయసం చేసింది.

నాలుగో అడుగు: చుక్క తర్వాత అంకెలను చదవడం

పెద్దవాళ్లు కూడా తడబడే చోటు ఇది. అంగారకుడి మీద 5.56 అంటే అయిదేళ్ల అయిదున్నర నెలలు కాదు, 56 రోజులూ కాదు. అయిదు చుట్లు పూర్తయి, ఆరో చుట్టులో నూటికి 56 వంతులు గడిచాయని. రోజుల్లో కావాలంటే 686.98ని 5తో గుణించి (3434.9) 3818లోంచి తీసేయండి. 383 వస్తుంది. అంటే ఆరో ఏట పడి మన లెక్కలో 383 రోజులైంది.

గురుడి మీద 0.88 అంటే ఇంకా ఏడాది నిండలేదు. పదేళ్ల పిల్ల, స్కూల్ బ్యాగ్ మోసే పిల్ల, అక్కడ ఇంకా మొదటి పుట్టినరోజు చూడలేదు. ఈ ఒక్క అంకె ఆ గ్రహం ఎంత దూరంలో ఉందో ఏ పటమూ చెప్పలేనంత బాగా చెబుతుంది.

అయిదో అడుగు: తర్వాతి పుట్టినరోజు ఏ తేదీన?

నాకైతే అన్నిట్లోకీ ఇదే ఇష్టం, ఎందుకంటే చివరికి చేతికొక తేదీ వస్తుంది, గోడ క్యాలెండర్లో గుర్తు పెట్టుకోవచ్చు.

వయసును పైనున్న పూర్తి అంకెకు తీసుకెళ్లి గ్రహం ఏడాదితో గుణించండి. చుక్క తర్వాత ఏమైనా మిగిలితే తర్వాతి రోజుకు జరపండి. అందులోంచి బతికిన రోజులు తీసేస్తే, ఇవాళ్టి నుంచి ఎన్ని రోజులుందో తెలుస్తుంది.

అంగారకుడి మీద ఆరో పుట్టినరోజు: 6 × 686.98 = 4121.88, అంటే 4122వ రోజు. 4122 − 3818 = 304. జనవరి 1 నుంచి 304 రోజులు ముందుకు లెక్కపెడితే 2026 నవంబర్ 1. ఆంధ్రప్రదేశ్ అవతరణ దినం నాడే పడింది. బుధుడి మీద 44: 3870.68, అంటే 3871, ఇంకా 53 రోజులు, ఫిబ్రవరి 23. బుధుడి పుట్టినరోజులు దాదాపు మూడు నెలలకొకటి వస్తూనే ఉంటాయి కాబట్టి, పిల్లలకు ఎప్పుడూ ఏదో ఒకటి దగ్గర్లోనే ఉంటుంది.

గురుడు, శని: మన పంచాంగం ముందే చేసిన లెక్క

"వాళ్లను చూసి పుష్కరమైంది" అంటాం కదా, అది గురుడి ఏడాదే. గురుడు ఒక రాశిలో సుమారు ఏడాది ఉంటాడు, పన్నెండు రాశులూ తిరిగి రావడానికి సుమారు పన్నెండేళ్లు. సింహరాశిలో అడుగుపెట్టినప్పుడు గోదావరికి, కన్యారాశిలో అడుగుపెట్టినప్పుడు కృష్ణకు పుష్కరాలు. అందుకే 2015లో గోదావరి, 2016లో కృష్ణ. పుష్కరాల్లో పుట్టిన పిల్లకు మళ్లీ అదే నది పుష్కరాలు వచ్చే వేళకు గురుడు సుమారుగా ఒక చుట్టు పూర్తిచేసి ఉంటాడు.

సుమారుగా అని ఎందుకన్నానంటే, కచ్చితంగా చూస్తే గురుడి చుట్టు పన్నెండేళ్లకు ఓ యాభై రోజులు తక్కువ (4383 − 4332.59). మా పిల్లకు గురుడి మీద మొదటి పుట్టినరోజు 2027 మే 31న. గోదావరి పుష్కరాలు కూడా 2027లోనే. రెండూ ఒకే రోజున ఎందుకు రావంటే, పంచాంగం గురుణ్ణి భూమి మీద నుంచి చూసి లెక్కగడుతుంది. మనం కూడా కదులుతున్నాం కాబట్టి గురుడు మధ్యమధ్యలో వెనక్కి నడిచినట్టు కనిపిస్తాడు, అదే వక్రగతి. అందువల్ల రాశి మారే తేదీ కొంచెం ముందుకో వెనక్కో జరుగుతుంది. గోదావరి పుష్కరాలు 2003లో జూలై 30న మొదలైతే, 2015లో జూలై 14కే మొదలయ్యాయి. మన ఈ లెక్క మాత్రం సూర్యుడి దగ్గర నిలబడి చూసినట్టు ఉంటుంది.

శని ఒక్కో రాశిలో సుమారు రెండున్నరేళ్లు. మూడు రాశులకు ఏడున్నర, అదే ఏలినాటి శని. 10759 రోజులను 12తో భాగిస్తే 896.6 రోజులు, అంటే రెండేళ్ల అయిదున్నర నెలలు. దుర్భిణి లేని రోజుల్లో, కంటితో చూసి, ఇంత దగ్గరగా పట్టుకున్నారంటే ఎన్ని తరాలు రాత్రుళ్లు మేలుకుని ఉంటారో అనిపిస్తుంది నాకు.

షష్టిపూర్తి చేసుకున్న వాళ్లెవరైనా ఇంట్లో ఉంటే వాళ్ల వయసు ఈ రెండు గ్రహాల మీదా కట్టి చూడండి. గురుడు అయిదు చుట్లకు 59.3 ఏళ్లు, శని రెండు చుట్లకు 58.9 ఏళ్లు. అరవయ్యో ఏట పడే సరికి రెండూ మీరు పుట్టినప్పుడున్న చోటికి ఇంచుమించు తిరిగొస్తాయి. ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై పేర్ల చక్రం కూడా అంతే పొడవు.

చంద్రుణ్ణి కూడా వదలకండి. పున్నమికి పున్నమికి మధ్య 29.53 రోజులు. 3818ని దాంతో భాగిస్తే 129. మా పిల్ల పుట్టాక ఇన్ని పున్నములు వచ్చాయి. వెయ్యి పున్నములకు 29530 రోజులు, అంటే 80 ఏళ్ల 10 నెలలు. సహస్ర చంద్ర దర్శనం ఆ వయసులో చేయడం అందుకే.

పుట్టిన తేదీ సరిగ్గా తెలియని పెద్దవాళ్లకు

మా అమ్మ దగ్గరకొచ్చేసరికి ఈ చిక్కు వచ్చింది. బడిలో చేర్చేటప్పుడు వేసిన తేదీ 1943 జూలై 1. ఇప్పటికీ ఆధార్‌లో అదే ఉంది. అమ్మ మాత్రం "నేను పుట్టింది చిత్రభాను సంవత్సరం, కార్తీక పున్నమి నాడు" అంటుంది. ఇలా చెప్పగలిగితే చాలు, తేదీ దొరికినట్టే. చిత్రభాను అంటే 1942-43, ఆ ఏడు కార్తీక పున్నమి నవంబర్ 22న వచ్చింది.

తిథి తెలియని వాళ్లు "దివిసీమ ఉప్పెనప్పుడు నేను చంటిపిల్లని" అనో, "ఫలానా పుష్కరాలకు నడక వచ్చింది" అనో చెబుతారు. ఉప్పెన 1977 నవంబర్ 19న వచ్చింది. అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టి ఒక తేదీ అనుకోండి. దాంతో ఏ గ్రహం మీద లెక్క చెడుతుందో, ఏ గ్రహం మీద చెడదో ముందే తెలుసుకుంటే టెన్షన్ ఉండదు. అమ్మ అసలు తేదీకి, కాగితాల మీది తేదీకి తేడా 221 రోజులు. బుధుడి మీద అది రెండున్నరేళ్లు. శని మీద ఏడాదిలో యాభయ్యో వంతు, అంతే. తేదీ గట్టిగా తెలియకపోతే గురుడు, శని, యురేనస్‌ల మీదే కట్టండి. బుధుడి జోలికి వెళ్లకండి.

ఏళ్లు కాదు, రోజుల్లో వయసు

ఏళ్లు అయ్యాక పిల్లలు తప్పకుండా "మరి అక్కడ ఎన్ని రోజులు?" అంటారు. ఇక్కడ రోజంటే ఒక సూర్యోదయం నుంచి మరో సూర్యోదయం దాకా అని గట్టిగా పట్టుకోండి. గ్రహం తన చుట్టూ తాను తిరిగే కాలం వేరు, ఇది వేరు. చాలా చోట్ల ఈ రెండూ కలిపేస్తారు.

అంగారకుడి మీద రోజు 24 గంటల 39 నిమిషాల 35 సెకన్లు, మన రోజుకు 1.0275 రెట్లు. 3818ని దాంతో భాగిస్తే 3716 రోజులు. మనకు దగ్గరగానే ఉంది.

బుధుడి మీద సూర్యోదయం నుంచి సూర్యోదయానికి 176 రోజులు. అక్కడి ఏడాదికి సరిగ్గా రెట్టింపు. అంటే ఒక్క రోజులో రెండు పుట్టినరోజులు! మా పిల్లకు అక్కడ 43 ఏళ్లు నిండినా, చూసే సూర్యోదయాలు మాత్రం 21. శుక్రుడి మీద ఇది 116.75 రోజులు, పైగా సూర్యుడు పడమట ఉదయిస్తాడు, ఎందుకంటే శుక్రుడు మనకు ఎదురు దిశలో తిరుగుతాడు.

దూరం తెలిస్తే ఏడాది మీరే కనుక్కోవచ్చు

జాబితాలో లేని వాటికి కూడా ఒక దారి ఉంది. కెప్లర్ 1619లో ప్రకటించిన సూత్రం ఇది. సూర్యుడి నుంచి భూమి దూరాన్ని 1 అనుకోండి. గ్రహం దూరం అంతకు ఎన్ని రెట్లో ఆ అంకెను మూడుసార్లు గుణించి, వచ్చినదానికి వర్గమూలం తీస్తే, దాని ఏడాది మన ఏళ్లలో వస్తుంది. గురుడు 5.2 రెట్లు దూరం. 5.2 × 5.2 × 5.2 = 140.6, వర్గమూలం 11.86. అంగారకుడు 1.524, ఏడాది 1.88. గ్రహశకలాల మధ్య తిరిగే సెరెస్ 2.77, ఏడాది 4.6. ఇక దాని మీద మీ వయసు మీరే కట్టండి.

ఇది ఎందుకిలా ఉంటుందో నెప్ట్యూన్‌ని చూస్తే తెలుస్తుంది. దూరం 30 రెట్లు కాబట్టి నడవాల్సిన దారి 30 రెట్లు. కానీ ఏడాది 30 కాదు, 165. అంత దూరంలో సూర్యుడి లాగుడు తక్కువ కాబట్టి నడకా మెల్లగానే సాగుతుంది. భూమి సెకనుకు 29.8 కిలోమీటర్లు వెళ్తే నెప్ట్యూన్ 5.4 కిలోమీటర్లే. దాదాపు అయిదున్నర రెట్లు నిదానం. 30 × 5.5 = 165. ఈ లెక్క పిల్లల చేత చేయించండి, వాళ్లంతట వాళ్లు 165 రాబట్టినప్పుడు వాళ్ల మొహాలు చూడాలి.

మనుషులకే కాదు, వస్తువులకూ కట్టొచ్చు. శ్రీహరికోట నుంచి వెళ్లిన మంగళయాన్ 2014 సెప్టెంబర్ 24న అంగారకుడి కక్ష్యలో చేరింది. ఆరు నెలలు పనిచేస్తే చాలనుకుని పంపితే 2022 ఏప్రిల్ దాకా మాట్లాడింది. మన ఏడున్నరేళ్లు, అక్కడ నిండుగా నాలుగు.

చివర కట్టింది అమ్మ వయసు

అమ్మ బతికిన రోజులు 30356. బుధుడి మీద 345 ఏళ్లు, శని మీద 2.82. యురేనస్ దగ్గర 0.99 వచ్చింది. యురేనస్ ఏడాది 84 ఏళ్ల మీద ఓ వారం. దాన్ని 1781లో కనిపెట్టిన విలియం హెర్షెల్ 84కి మూడు నెలలు తక్కువగా బతికాడు, ఆయన కూడా తన గ్రహం మీద ఒక్క ఏడాది నింపుకోలేదు.

మా పిల్ల మళ్లీ లెక్కేసింది. 30689 − 30356 = 333. క్యాలెండరు తిప్పి, 2026 నవంబర్ 30 గడిలో చిన్న కేకు బొమ్మ, దాని మీద ఒకే ఒక్క కొవ్వొత్తి గీసి, "నాయనమ్మకు యురేనస్‌లో ఒకటో పుట్టినరోజు" అని రాసింది. అమ్మ కళ్లజోడు పెట్టుకుని ఆ గడిని చాలాసేపు చూసి, "సోమవారం వచ్చింది, కార్తీక సోమవారం. ఉపవాసం ఉంటానుగా, కేకు సాయంత్రం దీపాలయ్యాక కొయ్యండి" అంది.